పాయింట్ల పట్టికలో మూడో కాలమ్ ఏది?

సంపాదకులకు,

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ పట్టికలో గెలుపు, ఓటమి అని రెండే కాలమ్‌లు వేస్తే లెక్క కుదరదు. గెలుపుకు 2 పాయింట్లు, 60 నిమిషాల్లోపు ఓడితే సున్నా. స్కోరు సమమై, 5 నిమిషాల అదనపు సమయంలోనో ఆపై షూటౌట్‌లోనో (ఒక్కో ఆటగాడు గోల్‌కీపర్‌తో ఒంటరిగా తలపడే దశ) ఓడిన జట్టుకు మాత్రం 1 పాయింటు దక్కుతుంది. 82 మ్యాచ్‌ల్లో 40 గెలిచి, 30 ఓడి, 12 ఇలా చేజార్చుకున్న జట్టుకు 92 పాయింట్లు వస్తాయి. 42 గెలిచి, 36 ఓడి, 4 మాత్రమే అలా పోగొట్టుకుంటే 88. ఎక్కువ గెలిచిన జట్టు కింద ఎందుకుందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? లీగ్ దశ తర్వాతి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌లో ఈ చిక్కు లేదు: షూటౌట్ ఉండదు, గోల్ పడేదాకా 20 నిమిషాల చొప్పున ఆడాల్సిందే. లీగ్ దశ పట్టికకైనా అదనపు సమయం, షూటౌట్ ఓటములు చూపే ఆ మూడో కాలమ్ దయచేసి చేర్చండి.

– ఒక పాఠకుడు