తోక పట్టుకుని చదవాల్సిన మాటలు

ఒరేయ్ సూరీ,

మీ అమ్మాయి పలకడం నేర్పమని తెచ్చిన 45 అక్షరాల ఇంగ్లీషు రైలుబండిని, అదే న్యూమనోఅల్ట్రామైక్రోస్కాపిక్‌సిలికోవాల్‌కేనోకోనియోసిస్ (pneumonoultramicroscopicsilicovolcanoconiosis) అనే మాటని, చూసి బెదిరిపోయానన్నావు. పేరుకే అది ఒక్క మాట, లోపల ఎనిమిది బోగీలున్నాయిరా. న్యూమనో ఊపిరితిత్తులు, అల్ట్రా మించినది, మైక్రో చిన్నది, స్కాపిక్ చూపుకి సంబంధించింది, సిలికో సిలికా, వాల్‌కేనో అగ్నిపర్వతం, కోని దుమ్ము, ఓసిస్ రోగం. అగ్నిపర్వతపు సన్నని సిలికా దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకొచ్చే జబ్బన్నమాట. మన సమాసాలకి విగ్రహవాక్యం చెప్పుకున్నట్టే. అన్నట్టు, ఇది డాక్టర్లకి పుట్టిన మాట కాదు. 1935లో అమెరికాలో నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే పజిళ్ల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కేవలం పొడవు కోసం అల్లాడు. డాక్టర్లు సిలికోసిస్ అని ఊరుకుంటారు.

మొదటి అక్షరం 'పి'ని మింగెయ్యాలి. ఇంగ్లీషులో మాట మొదట్లో ప్న పలకరు. అదే ధాతువు అప్నియా (apnea, ఊపిరి ఆగడం)లో మధ్యకొస్తే మాత్రం పి వినబడుతుంది, మన స్వప్నంలో లాగే.

పలకడం ముందునుంచి మొదలుపెట్టించకు. అలా చేస్తే సగం దాకా హుషారుగా వెళ్లి, సిలికో దగ్గర ఊపిరి చాలక ఆగిపోతుంది. తోకనుంచి రా: ఓసిస్, కోనియోసిస్, వాల్‌కేనోకోనియోసిస్... ఒక్కో బోగీ తగిలించినప్పుడల్లా చివరిదాకా చెప్పించు. ఎంత ముందుకి జరిగినా, బాగా నలిగిన భాగం వైపే పోతాం కాబట్టి నాలుక తడబడదు. మొత్తం 19 పలుకులు (సిలబుల్స్).

తోకతో ఇంకో లాభం ఉంది. ఎక్కడ నొక్కి పలకాలో చాలాసార్లు అదే చెబుతుంది. మైక్రోస్కోప్‌లో బలం 'మై' మీద; చివర 'ఇక్' తగిలితే దాని ముందున్న 'స్కా' మీదికి జారుతుంది. షన్, ఇటీ తోకలూ అంతే, వాటి ముందు పలుకు మీదే నొక్కు పడుతుంది. ఓసిస్‌లో మాత్రం 'ఓ' మీదే. 'ఇక్'కి కాథలిక్, అరిథ్మెటిక్ లాంటి మొండిఘటాలున్నాయి, వాటిని బట్టీ పట్టడమే.

మనవాళ్లు తప్పేది ఇక్కడే. తెలుగులో ప్రతి అచ్చుకీ పూర్తి విలువ ఇస్తాం కదా, ఇంగ్లీషులోనూ అలాగే పంచిపెడతాం. ఫోటోగ్రాఫ్‌లో 'ఫో' బలమైనదే గానీ, ఫటాగ్రఫీకొచ్చేసరికి అది నలిగి 'ఫ' అయిపోయి 'టా' లేస్తుంది. మనం ఫోటోగ్రఫీ అని అన్నిటినీ సమానంగా లాగేస్తాం. బలంలేని అచ్చుని కుదించడం రాకపోతే, నొక్కాల్సింది ఎంత నొక్కినా తేలదు. వాల్‌కేనోలోనూ 'కే' మీదే నొక్కు, 'వాల్' మీద కాదు.

విడగొట్టేటప్పుడు చెవిని నమ్మకు. హెలికాప్టర్ని హెలి, కాప్టర్ అని చీలుస్తాం గానీ, అసలు అతుకు హెలికో, ప్టర్. ప్టర్ అంటే గ్రీకులో రెక్క.

ఇది నలిగాక 28 అక్షరాల యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం ఇవ్వు. ఆరు బోగీలు, అసలు నొక్కు 'టే' మీద. ఫోన్లో అమ్మాయి చేతే చెప్పించు, నువ్వు పక్కన నోరు మూసుక్కూర్చో.

నీ,
రాఘవ