రాగి పేరుకున్న ద్రాక్షతోటల్లో కలుపు మందు కదలిక

సభ్యులందరికీ నమస్కారం. బూజు తెగులు నివారణకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని 1880ల నుంచి ద్రాక్షతోటల్లో పిచికారీ చేస్తున్నారు. అందులోని రాగి నశించదు, లోతుకు అంతగా దిగదు. సేంద్రియ పదార్థాన్ని అంటిపెట్టుకుని పైమట్టిలోనే పేరుకుంటుంది. కలుపు మందు పడేదీ ఆ పొర మీదే.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు రాగి అయాన్లను గట్టిగా పట్టుకుంటుంది. ఆమ్ల నేలలో ఆ రాగి మట్టి రేణువుకూ మందుకూ మధ్య వంతెనగా నిలిచి మందును ఆపగలదు; క్షార నేలలో మాత్రం రెండూ జతగా నీటిలో కరిగి కిందికి కదలవచ్చు. అందుకే నేల ఉదజని సూచిక (pH, అంటే నేల ఆమ్లమో క్షారమో తెలిపే కొలత) చూడకుండా ఏదీ తేల్చి చెప్పకూడదని నా అభిప్రాయం. ఫాస్ఫేట్ ఎరువు కూడా గ్లైఫోసేట్ అతుక్కునే చోట్లకే పోటీపడి దాన్ని విడిపిస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సూక్ష్మజీవుల సంగతి. మందును విచ్ఛిన్నం చేసేవి అవే కాబట్టి, రాగి ఎక్కువై వాటి పని మందగిస్తే మందు నేలలో ఎక్కువ కాలం మిగులుతుంది. ఆలోగా భారీ వర్షం కురిస్తే, పగుళ్లు, పాత వేళ్ల రంధ్రాల గుండా, మట్టికి అతుక్కునే వ్యవధి లేకుండానే లోతుకు చేరిపోతుంది. దయచేసి మట్టి పరీక్షలో రాగిని కూడా చూపించండి. వర్ష సూచన ఉన్న రోజుల్లో మందు కొట్టకండి.