స్మైల్ ఫొటో సరే, ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు కట్టారు?

సంపాదకుడు గారికి,

తప్పిపోయిన, పనుల్లో మగ్గుతున్న పిల్లల్ని వెతికి తెచ్చే ఆపరేషన్ స్మైల్ ముగిసిందంటూ పోలీసు అధికారులు బ్యానర్ ముందు వరసగా నిలబడి దిగిన ఫొటో గత వారం మీ పత్రికలో చూశాను. కోపం కాస్త తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

ఏటా జనవరిలో స్మైల్, జూలైలో అలాంటిదే ముస్కాన్. ఇటుక బట్టీల్లోంచి పిల్లల్ని బయటికి తేవడం మంచిదే, కాదనను. మిగతా పది నెలల సంగతేమిటి? మా పక్కింటి అబ్బాయి ట్యూషన్ నుంచి రాలేదని రాత్రి స్టేషన్‌కు పరుగెత్తితే మొదటి ప్రశ్న, "ఇంట్లో ఏమైనా కొట్టారా?" రెండోది, "చుట్టాలిళ్లల్లో చూశారా?" తర్వాత, ట్యూషన్ ఉన్న వీధి తమ పరిధి కాదన్నారు. ఫిర్యాదు రాయడానికి తెల్లకాగితం, ఆధార్ జిరాక్స్ బయటి నుంచి తెచ్చుకోమన్నారు. ఆ వేళప్పుడు ఏ జిరాక్స్ షాపు తెరిచి ఉంటుందండీ? రైల్వే స్టేషన్ దగ్గర టీ కొట్టాయన పిల్లాణ్ని చూసి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. మర్నాడు మాత్రం స్టేషన్ వాళ్లే పిలిచారు, "దొరికాడుగా, కేసు అక్కర్లేదని రాసిచ్చి వెళ్లండి" అని!

పిల్లలు కనిపించడం లేదన్న ప్రతి ఫిర్యాదుకూ ఎఫ్‌ఐఆర్ కట్టాలని, అపహరణగానో అక్రమ రవాణాగానో భావించే దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలోనే చెప్పింది. పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనే రాసి ఉంది. రాసి ఉంటే ఏం లాభం, చదివేవాళ్లుండాలిగా.

తప్పిపోయింది ఆడపిల్లయితే, "ఎవరితోనో వెళ్లిపోయుంటుంది" అనేస్తారు. యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో అమ్మాయిల హత్యలు బయటపడ్డాకైనా ఆ మాట మానేస్తారనుకున్నాం. అక్కడ 2015లో మాయమైన పదకొండేళ్ల పాప సంగతి, 2019లో మరో అమ్మాయి హత్య కేసు తవ్వితే గానీ బయటపడలేదు. 2021 సెప్టెంబర్‌లో సైదాబాద్ సింగరేణి కాలనీలో తప్పిపోయిన ఆరేళ్ల పాప పక్కింట్లోనే శవమై దొరికింది. నిందితుణ్ని గంటల్లోనే పట్టుకున్నారని అప్పటి మంత్రి కేటీఆర్ ట్వీట్ చేసి, తర్వాత తనకు తప్పు సమాచారం అందిందని సవరించుకున్నారు. అతని ఆచూకీ చెబితే పది లక్షలిస్తామని పోలీసులే ప్రకటించారు. మంత్రికే నిజం చెప్పనివాళ్లు మాకు చెబుతారా?

కెమెరాల ముచ్చట మరీ విడ్డూరం. 'నేను సైతం' పేరుతో వీధుల్లో సీసీ కెమెరాలు పెట్టించుకోమని పోలీసులంటే కాలనీవాళ్లమే చందాలేసుకుని పెట్టించాం. హెల్మెట్ లేకుండా పాల ప్యాకెట్‌కు వెళ్తే చలానా ఠంచనుగా వస్తుంది. పిల్లాడు ఎటు వెళ్లాడో చూడమంటే మాత్రం "ఆ కెమెరా పనిచేయట్లేదు" అంటారు. చందా డబ్బులకు లెక్క అడిగే దిక్కు కూడా లేదు.

వచ్చే జూలై ముస్కాన్ ఫొటో వేసేటప్పుడు మీ విలేకరితో రెండు ప్రశ్నలు అడిగించండి. ఫిర్యాదు అందిన ఎన్ని గంటలకు ఎఫ్‌ఐఆర్ కట్టారు? నాలుగు నెలలు దాటినా దొరకని పిల్లల ఫైళ్లు నిబంధన ప్రకారం మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి ఎన్ని వెళ్లాయి? జవాబు వస్తే ఫొటో పక్కనే వేయండి. రాకపోతే రాలేదనే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
హైదరాబాద్