ముందు టెక్స్ట్, తర్వాతే డిజైన్

అందరికీ నమస్తే. మీరు పంపే రఫ్ నోట్స్, పాత వ్యాసాలు, వాయిస్ మెసేజ్‌లు తీసుకుని కరోసెల్స్ (వేలితో పక్కకి జరుపుతూ చూసే స్లైడ్ల పోస్టులు) చేసిపెట్టే పద్ధతిలో ఒక మార్పు చేస్తున్నాం. కొందరికి నచ్చకపోవచ్చు, అయినా సూటిగా చెప్పేస్తున్నా. ఇకపై ముందు మీకు వచ్చేది రంగులూ బొమ్మలూ లేని ఉత్త టెక్స్ట్, ఏ స్లైడ్‌లో ఏ మాట ఉంటుందో అంతే. మీరు చదివి సరే అన్నాకే డిజైన్ మొదలుపెడతాం.

డిజైన్ కనబడగానే చూపంతా రంగు మీదికి పోతుంది, "ఈ నీలం కాస్త ముదురు చేయండి" అంటూ మెసేజ్‌లు నడుస్తూనే ఉంటాయి, తీరా పోస్ట్ చేశాక మూడో స్లైడ్‌లో అసలు విషయమే లేదని తెలుస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ 2024లో స్లైడ్ల పరిమితిని 10 నుంచి 20కి పెంచినప్పటి నుంచి "చోటుందిగా, మొత్తం పెట్టేయండి" అనేవాళ్లు ఎక్కువయ్యారు. పెట్టం. మీ వ్యాసంలో మూడు విషయాలుంటే మూడు కరోసెల్స్ అవుతాయి. మొదటి పేరా దాదాపు ఎప్పుడూ తీసేస్తాం, అది రాసేవాళ్లు గొంతు సవరించుకునే చోటు. మంచి వాక్యం ఎక్కడో మధ్యలో, ఏ బ్రాకెట్లోనో దాక్కుని ఉంటుంది (మీ నోట్స్ చదవడంలో నాకు బాగా నచ్చే భాగం అదే), దాన్ని తెచ్చి మొదటి స్లైడ్ మీద పెడతాం. మొదటిది దాటేసిన వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి రెండోది చూపిస్తుంది కాబట్టి అదీ విడిగా చదివినా అర్థమయ్యేలా ఉండాలి.

తెలుగులో చేయించుకునే వాళ్లకు ఇంకో మాట. వత్తులకీ గుడులకీ వరుసల మధ్య చోటు కావాలి, ఇంగ్లిష్ స్లైడ్‌లో పట్టినన్ని వరుసలు ఇక్కడ పట్టవు. పట్టించాలని అక్షరాలు చిన్నవి చేస్తే ఫోన్లో ఎవరూ చదవరు. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు) టైప్ చేసినవి యూనికోడ్ కాదు, మా దగ్గర పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, కాబట్టి ఫోన్ కీబోర్డుతో కొట్టి పంపండి, లేదంటే చేత్తో రాసి ఫొటో తీసినా చాలు.

"ఏఐతో నిమిషంలో అయిపోతుందిగా" అని అడుగుతున్నారు. వాయిస్ మెసేజ్‌లను టెక్స్ట్‌గా మార్చడానికి మేమూ వాడుతున్నాం, దాచడానికేం లేదు. ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అన్నది మాత్రం మనుషులమే చూస్తాం.

లింక్డ్‌ఇన్‌కి కావాలంటే ముందే చెప్పండి, అక్కడ పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేయాలి కాబట్టి ఫైల్ వేరేగా ఇస్తాం. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లు పాత పద్ధతిలోనే పూర్తవుతాయి. కొత్తవాటికి ఒక రోజు ఎక్కువ పట్టొచ్చు, పండగ పోస్టులుంటే దాన్ని బట్టి కాస్త ముందుగా పంపండి.