బోల్టుల మీద వెల్డింగు కొట్టించకండి

సంపాదకులకు నమస్కారం.

2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి కంపించినప్పటి నుంచి మా చీమకుర్తిలో గ్రానైటు షెడ్ల యజమానులు కొందరికి బెంగ పట్టుకుంది. బోల్టు జాయింటు కదులుతుందని ఎవరో చెప్పారట, నట్ల చుట్టూ వెల్డింగు కొట్టిస్తున్నారు. ఇనుప షెడ్లు నిలబెట్టే పనిలోనే తల నెరిసినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

షెడ్డు ఊగిందంటే ఆ ఊపు ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. ఉత్త ఇనుములో అది త్వరగా చావదు, గుడి గంట చాలాసేపు మోగినట్టే. బోల్టు బిగించిన ప్లేట్లు మాత్రం కంటికి ఆననంత మేర ఒకదానికొకటి రాసుకుంటాయి. బోల్టు చుట్టూ ఒత్తిడి ఎక్కువ, అక్కడ కదలిక ఉండదు. అంచుల్లో పట్టు తక్కువ, జారడం అక్కడ మొదలవుతుంది. ఆ రాపిడిలో ఊపు వేడై పోతుంది. ఊపు పెరిగేకొద్దీ జారే మేర కూడా పెరుగుతుంది. గాలి లెక్కలకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం (2015) వెల్డింగు ఇనుప కట్టడాలకు 1 శాతం డ్యాంపింగు, అంటే ఊపును చంపే గుణం, తీసుకోమంటే, బోల్టు కట్టడాలకు 2 శాతం తీసుకోమంటుంది. కెనడాలో కాంకోర్డియా విశ్వవిద్యాలయం గ్రంథాలయానికైతే బ్రేసింగుల్లో (స్తంభాల మధ్య ఏటవాలుగా వేసే ఇనుప కడ్డీల్లో) జారే జాయింట్లు కావాలనే పెట్టారు.

అలాగని బోల్టులు వదులు చేయమనడం లేదు. పట్టు లేకపోతే రాపిడీ ఉండదు, పైగా రంధ్రాలు సాగుతాయి, బోల్టు తెగుతుంది. జాయింటు అంచున తుప్పురంగు పొడి కనిపిస్తే టార్క్ రెంచితో (ఎంత బిగించామో కొలిచే పానాతో) బిగింపు చూపించండి, డ్రాయింగులో రాసినంత ఉంటే చాలు. 8.8, 10.9 గ్రేడు (ఎక్కువ బలమున్న రకం) బోల్టులకు బలం కొలిమిలో కాల్చి చల్లార్చడం వల్ల వచ్చింది. వెల్డింగు వేడి తగిలితే ఆ బలమూ పోతుంది, బిగింపూ సడలుతుంది.

వెల్డింగు మీద నాకు కోపం లేదు. వర్క్‌షాపులో తీరిగ్గా చేసినది బంగారం. నిచ్చెన మీద నిలబడి, పెయింటు కూడా గీకకుండా, నట్టు చుట్టూ పూసేదాన్ని మాత్రం వెల్డింగు అనలేను.

అసలు భూకంపానికైనా తుఫాను గాలికైనా షెడ్డును పక్కకు వాలకుండా పట్టేది బ్రేసింగు. లారీ తిరగడానికి అడ్డమని దాన్ని గ్యాసు కట్టరుతో కోసేసి, ఇప్పుడు బోల్టులకు వెల్డింగు కొట్టిస్తున్న షెడ్లు మా రోడ్డు మీదే ఉన్నాయి. ఆ డబ్బుతో ముందు బ్రేసింగు తిరిగి వేయించండి. లారీకి దారి కావాలంటే ఇంజనీరు చేత పక్క గడికి (పక్కనున్న రెండు స్తంభాల మధ్యకు) మార్పించుకోవచ్చు.

– ఒక విశ్రాంత ఎరెక్షన్ ఫోర్‌మన్, చీమకుర్తి, ప్రకాశం జిల్లా