మంత్రి గారూ, లారీ వెనక ఆ బల్లకి బెల్టు పెట్టించండి

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

నమస్కారం. మిలిటరీ లారీల వెనక బల్లల మీద కూర్చునే జవాన్లకి బెల్టు పెట్టించమని ఇది నేను రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డులు మూడు తిరిగొచ్చాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. ఎక్కడెక్కడికి పంపానో ఇక్కడ రాయను, ఎవరినో ఇరికించాలని నాకు లేదు. నలుగురూ చదివేలా రాస్తే ఎవరో ఒకరు మీ కంటపడేలా చేస్తారన్న ఆశతో ఇలా రాస్తున్నాను.

మేం ఉండేది మంగళగిరి. ముప్పై ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టడమే నా పని. మా అబ్బాయి గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు వాళ్ల ర్యాలీలో పరుగెత్తి సెలెక్ట్ అయ్యాడు. ఆ సాయంత్రం మా ఆవిడ వీధి వీధంతా స్వీట్లు పంచింది. పోయిన చలికాలంలో వాడు ఎక్కిన మిలిటరీ లారీ కొండ రోడ్డు మీద పక్కకి ఒరిగి కాలవలో పడింది. లోయ కూడా కాదండీ, రోడ్డు పక్కన నీళ్లు పోయే కాలవ. నాలుగడుగుల లోతు ఉంటుందన్నాడు. కాల్పులు లేవు, శత్రువు లేడు. సెలవులు అయిపోయి డ్యూటీకి తిరిగి వెళ్తున్న పిల్లలు వాళ్లంతా. మావాడికి కాలర్ బోన్ విరిగింది, మూడు పక్కటెముకలు విరిగాయి. పక్కన కూర్చున్న కుర్రాడికి వెన్నులో దెబ్బ తగిలింది. ఆ అబ్బాయి ఇంకా మంచం మీదే ఉన్నాడు.

ఆస్పత్రిలో వాడి చొక్కా తీసి చూపించారు. ఎడమ పక్కన, చంక కింద నుంచి నడుము దాకా, స్కేలు పెట్టి గీసినట్టు నల్లటి గీత. చివర్లో ఒక మూల గుర్తు. చూడగానే నాకు అర్థమైంది. అది ఇనప పెట్టె అంచు. తెల్ల రంగుతో పేరు, నంబరు రాసి ఉండే నల్ల పెట్టెలు మీకు తెలియనివి కావు. లారీ ఒరిగినప్పుడు కాళ్ల దగ్గర పేర్చిన పెట్టెలన్నీ ఒక్కసారిగా వీళ్ల మీదకి వచ్చాయి. ఎవరి పెట్టె తగిలిందో వాడికీ తెలియదు. అన్నీ ఒకేలా ఉంటాయి కదా.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, అలాంటి లారీ వెనక భాగం నేను కళ్లారా చూశాను కాబట్టి. అంతకు రెండేళ్ల ముందు మా ఆవిడా నేనూ వాడిని చూడ్డానికి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో రైల్వే స్టేషన్ దాకా మాతో వచ్చాడు. స్టేషన్ బయట వాళ్ల లారీ ఆగి ఉంది. వెనక డోరు దించారు, పైనున్న వాళ్లు చెయ్యందించారు, పిల్లలు ఒక్కొక్కరే ఎగిరి ఎక్కారు. అలవాటు కొద్దీ నేను దగ్గరికి వెళ్లి తొట్టి లోపలికి చూశాను. రెండు పక్కలా పొడుగ్గా రెండు బల్లలు. ఎదురెదురుగా కూర్చోవాలి. వీపుకి ఆనుకోవడానికి పక్క చెక్కలే. మధ్యలో పెట్టెలు, పరుపు చుట్టలు, రేషన్ బస్తాలు. తాడుతో కట్టింది ఒక్కటీ లేదు. పైన పట్టా. ఆ పట్టాని మోసే వంపు పైపు మీద చెయ్యి వేసి ఊపి చూశాను. ఊగింది. ఎండకీ వానకీ పట్టా నిలబెట్టడానికి ఆ పైపు సరిపోతుంది. లారీ బోల్తా పడితే అది మనిషిని కాపాడదు, విరిగి మీద పడుతుంది. బెల్టు కోసం వెతికాను. లేదు. పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు, ఊగుతున్న ఆ పైపు తప్ప. ‘ఇదేంట్రా’ అంటే ‘అలవాటే నాన్నా, ఏం కాదు’ అని నవ్వాడు. నేనూ ఊరుకున్నాను. అప్పుడు ఊరుకున్నందుకు ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

పనివాడిగా ఒక్క మాట చెబుతాను, దయచేసి వినండి. పక్క వాటంగా కూర్చున్న మనిషి బ్రేకు పడితే ముందుకి కాదు, పక్క మనిషి మీద పడతాడు. అలా పన్నెండు మంది ఒకరి మీద ఒకరు పడి క్యాబిన్ వైపు ఒక ముద్ద అవుతారు. బండి ఒరిగితే కింద వైపు బల్ల వాళ్ల మీద పై బల్ల వాళ్లు, వాళ్ల మీద సామాను. పల్టీ కొడితే పట్టా చిరుగుతుంది, మనుషులు బయటికి విసిరేసినట్టు పడతారు, వాళ్ల మీద బండే పడుతుంది.

2022 డిసెంబర్ 23న ఉత్తర సిక్కింలో జెమా దగ్గర ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? ఛాతెన్ నుంచి థంగు వెళ్తున్న మూడు బళ్లలో ఒకటి మలుపులో జారి లోయలో పడి 16 మంది పోయారు. 2023 ఆగస్టు 19న లద్దాఖ్‌లో కియారీ దగ్గర 9 మంది. 2024 డిసెంబర్ 24న పూంఛ్ జిల్లా బల్నోయిలో. రెండు వారాలు తిరక్కుండానే బందీపొరాలో. 2025 మే 4న రాంబన్‌లో ముగ్గురు. ప్రతిసారీ సంతాపం తెలుపుతారు. మీ సంతాపం నిజమైనదే అని నమ్ముతాను. కానీ ప్రతిసారీ పేపర్లో వచ్చేది మంచు, వాన, మలుపు, అదుపు తప్పిన డ్రైవర్. ఆ మంచులో, ఆ మలుపులో వెనక వాళ్లు దేని మీద కూర్చున్నారో ఎవరూ రాయరు. వందల అడుగుల లోయలో పడితే బెల్టు ఏం చేస్తుంది అనొచ్చు. కొన్నిసార్లు ఏమీ చెయ్యలేకపోవచ్చు, ఒప్పుకుంటాను. మరి నాలుగడుగుల కాలవ సంగతి? చావులు లేవు కాబట్టి మావాడి ప్రమాదం ఏ పేపర్లోనూ రాలేదు. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో, ఎంతమంది నడుములు విరిగి ఇళ్లకి వచ్చారో ఎవరు లెక్క చెబుతారు?

మా అమ్మాయి నెట్‌లో వెతికి చెప్పింది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ వాళ్ల సైన్యం బళ్ల మీద 2021లో ఒక నివేదిక ఇచ్చిందట. 2010 నుంచి 2019 దాకా యుద్ధంతో సంబంధం లేని ప్రమాదాలు 3,753, చనిపోయిన సైనికులు 123 మంది అని అందరూ చదివేలా పెట్టారు. మన లెక్క కూడా అలా ఏటా పెట్టండి. దేశ రహస్యాలు నాకు వద్దు. ఏ బండి, ఏ రోడ్డు, వెనక ఎంతమంది, బెల్టు ఉందా లేదా. అంతే.

ఇక్కడ మా సంగతి చూడండి. బెంజ్ సర్కిల్ దగ్గర కారులో బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయలు ఫైన్. న్యాయమే, కట్టాల్సిందే. మిరపకాయల కోతకి కూలీలను ట్రాలీ ఆటోలో ఎక్కిస్తే పోలీసులు ఆపుతారు, సరుకు బండిలో మనుషులేంటి అని కేసు రాస్తారు. అదీ న్యాయమే. మేం బస్సు బాడీ కడితే బోల్తా పడినా పైకప్పు నలగకూడదని కోడ్ ఉంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకి డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రమే రూల్ తెచ్చింది. లారీ డ్రైవర్ ఒంటికి చెమట పట్టకూడదని ఆలోచించిన ప్రభుత్వం మాది అని సంతోషించాను కూడా. మరి బాణం గుర్తు నంబర్ ప్లేటు ఉన్న మిలిటరీ బండిని మా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడడు, దాని రిజిస్ట్రేషన్ మా రవాణా శాఖ ఆఫీసులో జరగదు. అంటే దాని వెనక కూర్చున్న పిల్లల బాధ్యత పూర్తిగా మీదే కదండీ. మేం అడగాల్సింది మిమ్మల్నే కదా.

యుద్ధ ప్రాంతంలో దిగి పరుగెత్తాల్సి వస్తే బెల్టు అడ్డం అంటారు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ హవల్దార్ గారు ఇదే అన్నారు, ఆయన మాటని తీసిపారేయలేను. కాల్పులు జరిగే చోట బెల్టు తీసేయమని కమాండర్ చెప్పొచ్చు. బటన్ నొక్కితే ఊడిపోతుంది. కానీ రైల్వే స్టేషన్ నుంచి యూనిట్‌కి, యూనిట్ నుంచి ఆస్పత్రికి, సెలవు మీద ఇంటికి వెళ్లే దారిలో దేనికి అడ్డం? ఇవాళ సామాను, రేపు మనుషులు, ఒకే బండి అంటారు. దానికీ నా దగ్గర జవాబు ఉంది. తొట్టి ఛానల్‌కి నాలుగు చోట్ల బోల్టు పడే ఇనప ఫ్రేము, ముందుకి చూస్తూ మడిచే సీట్లు, నడుం బెల్టు, మీద కమాను లాగా మందం పైపుతో గట్టి పంజరం, సామానుకి వేరే జాలీ. మనుషులు ఎక్కేటప్పుడు బిగించి, సామాను ఎక్కేటప్పుడు మడిచేస్తే సరిపోతుంది. ఇది రాకెట్ కాదండీ. ఆటోనగర్‌లో ఏ షెడ్డు కుర్రాడైనా కడతాడు. కొండ రోడ్లకి ఎంత బరువు ఓర్చుకోవాలో మీ ఇంజనీర్లు లెక్కలు కడితే ఇంకా బాగా వస్తుంది.

తలుచుకుంటే మీ ప్రభుత్వం ఎంత వేగంగా పని చేస్తుందో చూశాం. పుల్వామా ఘోరం 2019 ఫిబ్రవరి 14న జరిగితే 21వ తేదీకల్లా కేంద్ర బలగాల జవాన్లందరూ జమ్మూ, శ్రీనగర్ దారుల్లో విమానంలో వెళ్లొచ్చని హోం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. సుమారు 7.8 లక్షల మందికి. వారం రోజుల్లో! ఆ రోజు మా ఆవిడ దేవుడి ముందు దీపం పెట్టింది, అప్పటికి మావాడు ఇంకా ఫోర్సులోకి వెళ్లనే లేదు. విమానం అడగడం లేదు మంత్రి గారూ. బెల్టు అడుగుతున్నాను.

డ్రైవర్‌ని శిక్షిస్తే పని అయిపోయినట్టు దయచేసి అనుకోవద్దు. మావాడి లారీ నడిపింది కూడా ఇరవై నాలుగేళ్ల పిల్లాడే. వాడికీ ఒక అమ్మ ఉంది. రాత్రంతా నిద్ర లేక, మంచులో, ముందు బండిని అందుకోవాలన్న టెన్షన్‌లో తోలాడట. ఆ పిల్లాడు ఆస్పత్రికి వచ్చి మా ఆవిడ కాళ్ల మీద పడి ఏడ్చాడు. వాడిని ఏమని తిట్టమంటారు?

మొదట, లారీ వెనక ఎలా కూర్చోవాలి అన్నది రూలు చెయ్యండి. మనుషులున్న తొట్టిలో కట్టని పెట్టె పెట్టకూడదని రూలు చెయ్యండి. బెల్టు లేని బల్ల మీద జవానుని కూర్చోబెట్టకూడదని రూలు చెయ్యండి. కొత్త బళ్లకి రేపటి నుంచి, పాత బళ్లకి వీలైనంత త్వరగా. ఎప్పటికల్లా అని ఒక తేదీ చెప్పండి చాలు, ఎదురుచూస్తాం. ఎదురుచూడ్డం మాకు అలవాటే.

వచ్చే నెల మావాడికి మెడికల్ లీవు అయిపోతుంది. మళ్లీ అదే స్టేషన్లో దిగుతాడు. బయట లారీ ఉంటుంది, వెనక డోరు దించుతారు, ఎవరో చెయ్యి అందిస్తారు. ఏ చెయ్యి ఇవ్వాలో వాడే చూసుకోవాలి. ఎడమ చెయ్యి ఇంకా భుజం దాటి లేవడం లేదు.

ఒక పాత లారీ తొట్టి కొలతలు, ఒక మనిషిని ఆటోనగర్‌కి పంపించండి. నమూనా ఫ్రేము నా ఖర్చుతో నేను కట్టిస్తాను. ఇనుము నాది, కూలి నాది. మీ వాళ్లు వచ్చి చూసి, బోల్తా కొట్టించి పరీక్షించి, బాగుంటేనే తీసుకోండి. బాగాలేకపోతే ఎక్కడ బాగాలేదో చెప్పండి, మళ్లీ కడతాను.

ఇట్లు,
ఒక జవాను తండ్రి,
ఆటోనగర్, విజయవాడ