మొక్కల సారం వార్తల్లో మోతాదు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఫలానా ఆకు సారం మొండి బ్యాక్టీరియాను చంపేస్తుందని తరచూ వార్తలు వస్తున్నాయి. ఇవే పరీక్షలను ప్రయోగశాలలో విద్యార్థుల చేత చేయించే మైక్రోబయాలజీ అధ్యాపకురాలిని నేను. ఆ వార్తల్లో అసలు సంగతి రాకపోవడం నన్ను బాధిస్తోంది.

పెట్రీ డిష్ అనే చిన్న పళ్లెంలో గట్టిపడిన అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద బ్యాక్టీరియాను పల్చగా పూసి, చిన్న గుంట చేసి అందులో సారం పోస్తాం. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి బ్యాక్టీరియా పెరిగి డిష్ అంతా మసక పొర కమ్ముకుంటుంది. సారం పనిచేస్తే గుంట చుట్టూ మాత్రం తేట వలయం మిగులుతుంది. అది చూసిన పిల్లల సంబరం ఇంతా అంతా కాదు. అయితే ఆ సారాన్ని చాలాసార్లు ఇథనాల్‌తోనో మిథనాల్‌తోనో తీస్తారు. ఒట్టి ఇథనాల్ పోసినా వలయం రావచ్చు. పక్క గుంటలో అదొక్కటే పోసి పోల్చి చూశారా? వార్తలో ఆ ఊసే ఉండదు. వలయం వెడల్పును బట్టి ఏ మొక్క గొప్పదో తేల్చడమూ కుదరదు. నూనె స్వభావమున్న పదార్థాలు అగార్‌లో సరిగా పాకవు కాబట్టి, బలమున్నా వాటి వలయం చిన్నదిగానే కనిపిస్తుంది.

చూడవలసింది బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదు. మిల్లీలీటరుకు ఒకటి రెండు మైక్రోగ్రాములతోనే పనిచేసే యాంటీబయాటిక్‌లు ఎన్నో ఉన్నాయి. ముడి సారాలకు తరచూ వందలు, వేల మైక్రోగ్రాములు కావాలి. రక్తంలో అంత గాఢత తేవడం దాదాపు అసాధ్యం.

మొక్కల్లో మందు లేదని కాదు. మలేరియాను అణచే ఆర్టెమిసినిన్ మొక్క నుంచే వచ్చింది. 1971లో చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందం, తక్కువ వేడికే మరిగే ఈథర్ అనే ద్రవంతో సారం తీశాకే, వేడికి చెడిపోకుండా దాని గుణం నిలిచింది. బెర్బెరిస్ జాతి మొక్కల సంగతి నాకు మరీ ఇష్టం. వాటిలో బ్యాక్టీరియాను అణచే బెర్బెరిన్ అనే పదార్థం ఉంటుంది; స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా దాన్ని తన కణంలోంచి పంపులా బయటికి తోడేస్తుంది. ఆ పంపును అడ్డుకునే మరో పదార్థాన్ని కూడా అవే మొక్కలు తయారు చేసుకుంటాయని 2000లో వెల్లడైంది. విడదీసి, శుద్ధి చేసి, కొలిచి చూస్తేనే ఇలాంటివి బయటపడతాయి.

పరిశోధకులను కనీస మోతాదు ఎంతో అడిగి అచ్చు వేయండి. పరీక్ష పెట్రీ డిష్ దాటకపోతే ఆ మాట శీర్షికలోనే రాయండి. డాక్టర్ రాసిన యాంటీబయాటిక్‌ను మధ్యలో మానేసి కషాయం వైపు మళ్లే పాఠకుడు చాలాసార్లు చదివేది శీర్షిక ఒక్కటే.

– ఒక మైక్రోబయాలజీ అధ్యాపకురాలు